చదవకుండా వదిలేసిన పేరా

మా బావ పని నడవడం. రైల్వేలో ఆ పనికి కీమాన్ అని పేరు. పొద్దున్నే సుత్తె భుజాన వేసుకుని, ఎర్రజెండా చంకన పెట్టుకుని, తనకు కేటాయించిన పట్టాల మీద ఒక పక్క చూసుకుంటూ పోవాలి, రెండో పక్క చూసుకుంటూ తిరిగి రావాలి. పట్టాను కింద అడ్డంగా వేసిన స్లీపరు దుంగకు పట్టి ఉంచే ఇనుప చీలలు వదులైతే సుత్తెతో బిగించాలి. చెక్క స్లీపరు పుచ్చిపోయి చీల నిలవకపోతే దాని మీద సున్నంతో గుర్తు పెట్టి, సాయంత్రం ఇన్‌స్పెక్టరుకు చెప్పాలి. చెప్పడం వరకే బావ పని. స్లీపరు మార్పించడం ఇన్‌స్పెక్టరు పని. ఆయన ఆ పని ఎంత శ్రద్ధగా చేసేవాడో తర్వాత లోకమంతా చూసింది.

ఆ ఇన్‌స్పెక్టరు ఆఫీసు నాచారంలో ఉండేది. నేను అందులో గుమాస్తాను. అరవైల మొదట్లో మాట. ఉప్పల్‌లో మా ఇంట్లో మెట్రిక్ పాసైన మొదటివాణ్ణి, కుర్చీలో కూర్చుని పనిచేసిన మొదటివాణ్ణి నేనే. ఉప్పల్ నుంచి నాచారం దాకా జొన్నచేల మధ్య బాటలో సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాణ్ణి. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చునన్న పొగరుతో కళ్ళు నెత్తి మీద ఉండేవి. ఆ కొలువు పెట్టించింది బావే. అంతకుముందున్న ఇన్‌స్పెక్టరు ఇంటి చుట్టూ నెలరోజులు తిరిగి, "మా బామ్మర్ది సదువుకున్నోడు సాబ్, జర సూడుండ్రి" అని బతిమాలి ఇప్పించాడు. ఆ సంగతి నేను ఆఫీసులో ఎవరికీ చెప్పుకునేవాణ్ణి కాదు.

మా అక్క, బావ, మూడేళ్ళ వాళ్ళ కూతురు లైను పక్కన, పట్టాల పనివాళ్ళ గ్యాంగు క్వార్టర్లలో ఉండేవారు. ఒక గది, ముందు రేకుల చూరు. రైలు పోయినప్పుడల్లా గూట్లో గిన్నెలు మోగేవి.

గ్యాంగులో ఒక అలవాటు ఉండేది. ప్రతి మనిషికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల ఒకటి ఇచ్చేవారు. జబ్బకు కట్టుకోవాలి. సెలవు కావాలంటే పదిహేను రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. పెట్టుకుంటే ఇన్‌స్పెక్టరు ఎర్రసిరాతో కొట్టేసి పంపేవాడు. అందుకని పండుగ వస్తే బిళ్లలు మార్చుకునేవారు. పండుగ ఉన్నవాడు ఇంటికి పోతాడు, లేనివాడు వాడి బిళ్ల కట్టుకుని వాడి పని చేస్తాడు. గ్యాంగు మేస్త్రి ఇద్దరికీ హాజరు వేస్తాడు. ఆ హాజరు కాగితం ఆఫీసుకు వస్తే పెద్ద రిజిస్టరులోకి ఎక్కించేది నేను. నాకు అంతా తెలుసు. రంజాన్ నాడు గ్యాంగులోని ముసలి చాచా పేరు కనిపిస్తే, ఆ రోజు నడిచింది మా బావ కాళ్ళని తెలుసు. శివరాత్రి నాడు బావ పేరుంటే నడిచింది చాచా. దీనివల్ల ఏనాడూ ఏ రైలుకూ ఏమీ కాలేదు. ఇద్దరిలో ఎవరు నడిచినా కళ్ళు పట్టాల మీదే ఉండేవి.

ఆ ఏడు శివరాత్రికి కీసరగుట్ట మీద పాప పుట్టువెంట్రుకలు తీయించాలని అక్క మొక్కుకుంది. జాతరకు ఇరవై రోజుల ముందు బావ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆఫీసులోకి వస్తే చెప్పులు బయట విడిచేవాడు.

"బామ్మర్ది, ఈపారి నాకు చుట్టీ కాయితం రాసియ్యి. జర సక్కగ రాయి, సాబ్ కాదనకుంట."

"ఎందుకు బావా? ఎప్పటిలెక్క చాచాతోని బిళ్ల మార్చుకో."

"బిడ్డ మొక్కు. దేవుని కాడికి పోంగ దొంగ లెక్క పోవుడు మంచిగనిపిస్తలేదు."

నేను నెలాఖరు లెక్కల్లో మునిగి ఉన్నాను. చిరాగ్గా ఉంది. సెలవు కాగితం రాయడానికి పది నిమిషాలు పడుతుంది, అంతే. "ఆ కాయితం ఎర్రసిరాతోని వాపసొస్తది బావా. ఊకె ఎందుకు? ఆఫీసుల నేనున్న గద" అన్నాను. తలెత్తకుండానే అన్నాను. బావ "సరే తియ్, నువ్వున్నవంటే నాకేం ఫికర్" అని వెళ్ళిపోయాడు. ఆ పది నిమిషాల కోసం తర్వాత నేను ఎన్ని ఏళ్ళు ఏడ్చానో చెప్పినా ఎవరికీ పనికిరాదు.

శివరాత్రి నాడు కోడి కూయకముందే వాళ్ళు ఎడ్లబండి మీద కీసరకు పోయారు. మధ్యాహ్నం రెండు దాటాక, కార్ఖానాల వైపు పోయే మలుపు దగ్గర గూడ్సు బండివి రెండు వ్యాగన్లు పట్టా తప్పి పక్కకు ఒరిగాయి. ఎవరూ చావలేదు. బొగ్గంతా పొలంలో పోసినట్టు పడింది. సాయంత్రానికి పెద్ద అధికారులు జీపుల్లో దిగారు. ఫోటోలు తీశారు. మలుపులో ఏడు స్లీపర్ల మీద చీలలు ఊడిపోయి ఉన్నాయని రాసుకున్నారు.

మరునాడు మా ఆఫీసు ప్యూను కీసర ప్రసాదం పంచుతూ, "నిన్న పొద్దుగాల గుట్ట మీద కీమానన్న కనవడ్డడు. బిడ్డకు గుండు మస్తు ముద్దొచ్చింది" అన్నాడు. పాపం, వాడికి ఏ దురుద్దేశమూ లేదు. ఇన్‌స్పెక్టరు తలుపు తెరిచే ఉంది. మూడోనాటికి బావను, మేస్త్రిని, ఆ మలుపు చూసుకునే ముగ్గురు గ్యాంగువాళ్ళను సస్పెండు చేశారు. బావ మీద నేరం పెద్దది: ఆ రోజు లైను నడవలేదు, నడవనందువల్ల ఊడిన చీలలు కనబడలేదు, కనబడనందువల్లే బండి పడిపోయింది.

సస్పెండైన మనిషి రోజూ ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టాలి. బావకు సంతకం రాదు, వేలిముద్ర. సిరాబుడ్డి నా బల్ల మీదే ఉండేది. వేలు అద్ది, ముద్ర వేసి, నెత్తికి రాసుకుని, బయట గోడ నీడలో సాయంత్రం దాకా కూర్చునేవాడు. రోజుకు ఎనిమిది మైళ్ళు నడిచే మనిషి. వారం తిరిగేసరికి మోకాళ్ళు పట్టేశాయి. నేను కిటికీలోంచి చూసి మళ్ళీ తల వంచుకునేవాణ్ణి.

మొదటి విచారణ రైల్వేవాళ్ళే జరిపారు. బావ మేస్త్రినీ చాచానూ కాపాడాలని, "పొద్దుగాల్నే నడిచొచ్చి, అటెన్క కీసరకు పోయిన" అని ఒకటే మాట పట్టుకున్నాడు. తొమ్మిది గంటలకు కీసర గుట్ట మీద కనిపించినవాడు ఎప్పుడు నడిచాడని అడిగితే, మళ్ళీ అదే మాట అన్నాడు. ఐదుగురినీ కొలువులోంచి తీసేయాలని ఆ విచారణలో రాశారు. యూనియను ఊరుకోలేదు. చుట్టుపక్కల గ్యాంగులన్నీ పనిముట్లు కింద పెట్టాయి. చివరికి రెండు పక్షాలూ ఒక మధ్యవర్తికి ఒప్పుకున్నాయి. ఆయన రిటైరైన జడ్జి. ఆయన ఏం రాస్తే అదే ఆఖరు, అప్పీలు లేదు. మా వైపు కాగితాలు చూడటానికి, మాట్లాడటానికి రైల్వేలోనే పనిచేసే మనిషిని ఒకణ్ణి పెట్టుకోవచ్చు. ఇంగ్లీషు వచ్చినవాడు కావాలి. గ్యాంగంతా నన్నే చూసింది.

రైల్వేవాళ్ళు ఇచ్చిన ఫైలులో ఆ మలుపు ఫోటోలున్నాయి. వాటిని చూస్తుంటే ఒక చోట నా చెయ్యి ఆగిపోయింది. ఊడిన ఏడు స్లీపర్ల మీదా సున్నంతో కొట్టిన గుణకారం గుర్తులు, పాతవి, వానకు వెలిసినవి. అవి బావవి. ఒక్కో దాని పక్కన తెల్లగా, కొత్తగా, మూడు చుక్కలు. చాచా గీతలు గీయడు. బొటనవేలు సున్నంలో ముంచి మూడు చుక్కలు పెడతాడు. అంటే బావ ఆ స్లీపర్లు పుచ్చిపోయాయని వారాల ముందే గుర్తు పెట్టాడు. శివరాత్రి పొద్దున చాచా నడిచి, చూసి, మళ్ళీ గుర్తు పెట్టాడు. బండి పడటానికి కారణం నడవకపోవడం కాదు, చెప్పినా మార్చకపోవడం. రైల్వేవాళ్ళే తీసిన ఫోటో రైల్వేవాళ్ళ మీదే సాక్ష్యం చెబుతోంది.

సైకిలు ఎట్లా తొక్కానో తెలియదు, క్వార్టర్లకు పోయి పడ్డాను. చాచాను కూడా పిలిపించాం. ఫోటో చూసి ఆయన, "నా ఏలే ఇది" అని నవ్వాడు. బావ నవ్వలేదు.

"గీ చుక్కలు చాచావని సెప్పాలంటే బిళ్ల మార్చినమని సెప్పాలె. చాచాకు ఏడాదిల రిటైరు. ఆయనను నేనెట్ల లోపటికి గుంజుత?"

"నువ్వు గుంజుడేంది బేటా, నేనే వస్త" అన్నాడు చాచా. "అబద్ధం సెప్పి నువ్వు పోతే నాకు రిటైరయినంక నిద్ర పడ్తదా?"

బావ రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడోరోజు అక్క కూడా నా పక్షం చేరింది. నేను మహా ఉత్సాహంగా ఉపన్యాసాలు ఇచ్చాను. జడ్జి నిజాయితీ మనిషని, నిజం చెబితే నిలబడతామని, సస్పెన్షన్లన్నీ కొట్టేస్తారని. "నువ్వు సెప్తున్నవ్ గదా, సరే" అన్నాడు బావ చివరికి. ఆ నిజంలో నా వాటా కూడా ఉంది. దాని గురించి అప్పుడు ఆలోచించలేదని రాస్తే అబద్ధమవుతుంది. ఆలోచించాను. దాని దాకా రాదులే అనుకున్నాను.

వేసవి సెలవులు కాబట్టి నాచారంలో ఒక బడి గదిలో కూర్చోబెట్టారు. పంతులు కుర్చీలో మధ్యవర్తి, పిల్లల బెంచీల మీద మిగతావాళ్ళం. బావ మోకాళ్ళు ఆ బెంచీ కింద పట్టలేదు. జడ్జిగారికి తెలుగు రాదు. ఇంగ్లీషులో అడుగుతాడు, నేను తెలుగులో చెప్పి, జవాబు ఇంగ్లీషులో అప్పజెప్పాలి.

పొద్దున అంతా మాకే అనుకూలంగా నడిచింది. చాచాను గుర్తు చూపించమన్నారు. ఆయన సుద్దముక్క పొడి చేసి, బొటనవేలితో నల్లబల్ల మీద మూడు చుక్కలు పెట్టాడు. జడ్జిగారు ఫోటో తీసుకుని బల్ల దగ్గరికి వెళ్ళి, చాలాసేపు పోల్చి చూశాడు. ఇన్‌స్పెక్టరును, పుచ్చిన స్లీపర్ల సంగతి నీకు చెప్పారా లేదా అని అడిగాడు. ఇన్‌స్పెక్టరు ఫైలు తిరగేయడం మొదలుపెట్టాడు. మేస్త్రి నా వైపు చూసి కళ్ళతోనే నవ్వాడు. గెలిచామనుకున్నాను.

తర్వాత బావను నిలబెట్టారు. బిళ్లలు ఎన్నాళ్ళుగా మార్చుకుంటున్నారని అడిగాడు. "కొలువుల చేరినప్పటి సంది" అన్నాడు బావ. నేను ఇంగ్లీషులో చెప్పాను. జడ్జిగారు కలం మూత పెట్టి, మళ్ళీ తీసి, ఇంకో ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్నను నేను నా నోటితో తెలుగు చేయాల్సి వచ్చింది.

"ఆఫీసుల ఎవలకన్న ఎరుకనా అని అడుగుతున్నరు బావా."

ఇన్‌స్పెక్టరు తల తిప్పి నా వైపు చూశాడు. ఆ రిజిస్టరులో రాత నాదని ఆయనకు తెలుసు. బావ నా ముఖం చూశాడు. ఎక్కువసేపు కాదు. వదులైన చీలను ఒకసారి సుత్తెతో తట్టి చూసినంతసేపు.

"ఎవ్వలకు ఎరుకలేదని సెప్పు."

నేను నిలబడే ఉన్నాను. నా చేతిలో ఫైలుంది. ఆ క్షణంలో నాకు తెలుసని, సెలవు కాగితం రాయనన్నది నేనేనని, బిళ్ల మార్చుకోమన్నది నేనేనని చెప్పడానికి పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. "ఐ న్యూ, సర్" అంటే సరిపోయేది. నేను "నో వన్, సర్" అన్నాను. ఆయన రాసుకున్నాడు.

తిరిగి వస్తున్నప్పుడు సైకిలు నడిపించుకుంటూ బావ పక్కన నడిచాను. క్వార్టర్లు కనబడుతుండగా బావ అన్నాడు: "ఒక్క కాందాన్ల రెండు కొలువులు పోవుడెందుకు? నీకింక లగ్గం గాకపాయె." లోపల నాకు హాయిగా అనిపించింది. గండం గడిచిన హాయి. నేను చేసిన తప్పుకైనా ఏదో సంజాయిషీ చెప్పుకోగలను కానీ, ఆ హాయికి మాత్రం చెప్పుకోలేను.

నెల తర్వాత తీర్పు వచ్చింది. పదహారు పేజీలు, ఇంగ్లీషులో టైపు కొట్టింది. బండి పడటానికి గ్యాంగు కారణం కాదు, పుచ్చిన స్లీపర్లు కారణం. ముగ్గురు గ్యాంగువాళ్ళ సస్పెన్షన్లు రద్దు. మేస్త్రిని మామూలు గ్యాంగుమనిషిగా దించి తిరిగి తీసుకోవాలి. చాచా సస్పెండైన ఐదుగురిలో లేడు, ఆయన సంగతి రైల్వేకే వదిలాడు. బావ విషయానికి వచ్చేసరికి, నడవలేదన్న నేరం నిలవదని, కానీ సెలవు లేకుండా ఊరు వదిలి, దొంగహాజరు వేయించుకుని, ఏళ్ళ తరబడి ఆఫీసును మోసం చేసినట్టు తన నోటితో తానే ఒప్పుకున్నాడని, కొలువులోంచి తీసేయడం న్యాయమేనని రాశాడు.

పద్నాలుగో పేజీ చివర ఒక చిన్న పేరా ఉంది. నేను దాన్ని ఆఫీసులోనే నాలుగుసార్లు చదివాను. ఈ అలవాటు ఆఫీసుకు తెలిసి సాగినట్టు ఏ కొంచెం ఆధారం ఉన్నా దీన్ని మోసం అనలేకపోయేవాణ్ణని, ఈ మనిషిని తిరిగి తీసుకోమనేవాణ్ణని, అలాంటి ఆధారం ఏదీ తన ముందుకు రాలేదని జడ్జిగారు రాశాడు.

సాయంత్రం క్వార్టర్లకు పోయాను. బావ గడప మీద కూర్చున్నాడు. అక్క చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. పాప నెత్తి మీద వెంట్రుకలు అప్పుడే బొటనవేలంత మొలిచాయి. మొదటి పేజీ నుంచి ఒక్కో మాటా తెలుగు చేసి చెప్పాను. మిగతావాళ్ళ సస్పెన్షన్లు కొట్టేశారని చెప్పినప్పుడు బావ ముఖం విప్పారింది. తన సంగతి చెప్పినప్పుడు తల ఊపాడు. పద్నాలుగో పేజీ చివరికి వచ్చాక కాగితం తిప్పేశాను.

"అంతేనా? ఇంకేం రాయలే?" అన్నాడు.

"అంతే బావా."

అక్క చాట పక్కన పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఏడువకే, సంపినోళ్ళా? బతికే ఉన్న గద" అన్నాడు బావ. ఆ కాగితాలు అడిగి తీసుకుని, మడిచి ట్రంకుపెట్టెలో పెట్టాడు. ఆయనకు ఒక్క అక్షరం రాదు.

క్వార్టరు ఖాళీ చేయించారు. ముగ్గురూ ఉప్పల్‌కు, మా ఇంటికే వచ్చారు. చాచాకు వేరే చార్జిషీటు ఇచ్చి, రిటైరు కాకముందే ఇంటికి పంపేశారు. బావకు నాచారంలో ఒక కార్ఖానా గేటు దగ్గర కాపలా పని దొరికింది. పొద్దస్తమానం స్టూలు మీద కూర్చోవడం. లైను అక్కడికి కనబడేది. బండి పోతుంటే చక్రాల చప్పుడు విని, "ఫలానా కాడ చీల వదులైంది" అని గేటు దగ్గరవాళ్ళకు చెప్పేవాడట. వాళ్ళు నవ్వేవారట. ఆ చలికాలంలోనే మలుపులో స్లీపర్లన్నీ మార్చారు. కొత్త స్లీపర్ల కోసం పైకి పంపిన కాగితం రాసింది నేనే. ఆ పనికి పది నిమిషాలు పట్టింది.

నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, హెడ్‌క్లర్కునయ్యాను. ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. బావ ఎదురుగా ఉన్నప్పుడు నోరు రాలేదు. గేటు దగ్గర కూర్చుని కూర్చుని, ఆయన ఒక వానాకాలం జ్వరంతో మంచం పట్టి, గాంధీ దవాఖానాకు తీసుకుపోయిన మూడోనాడు పోయాడు. చెప్పుకోవడానికి ఇక మనిషి లేడు. అప్పుడు కూడా, దుఃఖం అడుగున ఎక్కడో, ఆ పాత హాయి మెదిలింది. నా మీద నాకే రోత పుట్టింది.

డెబ్బైలు సగం దాటేసరికి పాప ఇంటర్‌కు వచ్చింది. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు తండ్రి కొలువు కాగితాలేవో కావాలని, ఒక ఆదివారం పొద్దున ట్రంకుపెట్టె తెరిచింది. నేను అరుగు మీద పేపరు చదువుతున్నాను. లోపల కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది, తర్వాత ఆగిపోయింది. పాప ఆ పదహారు పేజీలు పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది.

"మామా, నాయిన తీర్పు నువ్వే సదివి సెప్పినవంట గదా. గిది గూడ సెప్పినవా?"

పద్నాలుగో పేజీ చివర వేలు పెట్టి, తనే తెలుగు చేసి చదివింది. నాకంటే చక్కగా చేసింది. "ఆఫీసుకు ఎరుకుండెనని తెలిస్తే నాయిన కొలువు పోకపోతుండె అని రాసిండు. ఆఫీసుల నిజంగ ఎవ్వలకు ఎరుక లేకుండెనా మామా?"

అప్పుడు అక్క రెండు చాయ్ గ్లాసులతో లోపలి నుంచి వచ్చింది. ఒకటి నాకిచ్చింది. కోపం లేదు, ఏడుపు లేదు. ఎప్పుడూ చాయ్ ఇచ్చినట్టే ఇచ్చింది.

"ఆఫీసుల ఉన్నది మీ మామనే గదనే" అంది. "మీ నాయిన నాకు అప్పుడే సెప్పిండు. తమ్మిని ఏనాడు అడుగొద్దని ఒట్టేయించుకుండు."

పాప నా వైపే చూస్తోంది. బావ కళ్ళే. నేను చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, "ఎరుకనే బిడ్డా" అన్నాను. పద్నాలుగేళ్ళ తర్వాత, వినాల్సిన మనిషీ రాసుకోవాల్సిన మనిషీ లేనిచోట అన్నాను.